మామూరాలో చాటింపు, పలకరింపు

నోయిడా సెక్టార్ 66లోని మామూరా పేరుకే పల్లె. చుట్టూ నగరం పెరిగి పొలాలు పోయాక, ఊరివాళ్లు పాత ఇళ్ల జాగాల్లో అంతస్తుల మీద అంతస్తులు లేపి గదులు అద్దెకిచ్చుకుంటున్నారు. బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, సొసైటీల్లో ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లు వీటిలో ఉంటారు. ఎక్కువమంది బిహార్, బెంగాల్, తూర్పు యూపీల నుంచి వచ్చినవాళ్లే. 2020లో కోవిడ్ హెచ్చరికలు ఇలాంటి చోట ఎలా చెవిన పడి ఉంటాయో తెలుసుకోవాలనే ఇక్కడికి వచ్చాను. ఒక్క అంతస్తు ఎక్కితే చాలు, సగం బోధపడుతుంది. ఇరుకు వసారా, వరసగా తలుపులు, చివర అందరికీ ఒకే కుళాయి, దాని ముందు వంతు కోసం పెట్టిన బకెట్లు, పక్కనే ఉమ్మడి మరుగుదొడ్డి. ‘దో గజ్ కీ దూరీ’ (రెండు గజాల దూరం) అని అప్పట్లో దేశమంతా మోగిన నినాదాన్ని ఇక్కడికి తెచ్చి కొలిస్తే, వసారా వెడల్పే రెండు గజాలు లేదు. ఆ మాట అబద్ధమని కాదు. దాన్ని పాటించే వీలు ఈ గోడల మధ్య లేదు.

వసారా గోడ మీద పెన్సిలు అంకెలున్నాయి: గది నంబరు, కరెంటు రీడింగు, బాకీ. నా వాదనకు ఆ గోడే ఆధారం. అంటురోగం వేళ మనిషికి చెప్పే మాటతో పాటు, ఆ మాట వినగలిగే స్థితినీ అందించాలి. లేకపోతే అది ఉత్త చాటింపు. 2020 మార్చి 25 నుంచి లాక్‌డౌన్ మొదలైంది. ఇంట్లోనే ఉండమన్నారు. కూలి ఆగినవాడికి ఆ ఇల్లు నెలాఖరు దాకే. నెల రోజుల పాటు అద్దె అడగొద్దని గౌతమ్ బుద్ధ నగర్ జిల్లా కలెక్టరు ఇళ్ల యజమానులను ఆదేశించింది మార్చి 28న. ఆ వేసవిలో ఈ జిల్లాలో వెలువడిన ఆరోగ్య ప్రకటనలన్నిటిలోకీ మేలైనది నా దృష్టిలో ఆ అద్దె ఉత్తర్వే. కానీ అదే రోజు ఢిల్లీ సరిహద్దులో ఆనంద్ విహార్ బస్టాండు దగ్గర ఊళ్లకు పోయే జనం వేలల్లో కిక్కిరిసి ఉన్నారు. లాక్‌డౌన్ ప్రకటనతో పాటే రావలసిన మాట నాలుగు రోజులు ఆలస్యమైంది.

అద్దె ఉత్తర్వూ ఆజ్ఞే కదా, శిక్ష భయం లేకుండా జనం వింటారా అని అడగొచ్చు. చట్టం వద్దని నేననను. రోగం ఊరంతా పాకుతున్నప్పుడు ఒక్కొక్కరినీ బతిమాలుతూ కూర్చోలేం. అయితే శిక్ష ఎవరి మీదికి గురిపెట్టామన్నది ముఖ్యం. అద్దె ఉత్తర్వు గురి, దాన్ని పాటించగలిగిన యజమాని మీద. అదే ఏడాది మే మొదట్లో నోయిడా పోలీసులు, స్మార్ట్‌ఫోన్ ఉండి ఆరోగ్య సేతు యాప్ లేకుండా బయట తిరగడం శిక్షార్హమన్నారు. ఐపీసీ సెక్షన్ 188 కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా అన్నారు. అదే నెల 17న కేంద్రం తన మార్గదర్శకాల్లో యాప్ విషయం సడలించింది. దండన భయం ఫోన్లోకి యాప్‌ను ఎక్కించగలదేమో గానీ, జ్వరం వచ్చిందని నోరు విప్పించలేదు. రోగి ఇంటి తలుపుకు కాగితం అంటించడమూ ఇంతే. చూసిన పక్కింటివాడు జాగ్రత్త పడే మాట ఎలా ఉన్నా, తన జ్వరాన్ని దాచుకోవడం నేర్చుకుంటాడు. సంబంధిత అధికారుల ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అలా అంటించకూడదని సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 9న చెప్పింది.

భయపెట్టడానికి బదులు ఇంటింటికీ వెళ్లి పలకరించడం కోట్ల జనాభాలో కుదిరే పనేనా అన్నది ఇంకో ప్రశ్న. కుదిరింది. ఉత్తరప్రదేశ్‌లో 1.6 లక్షల మంది ఆశా కార్యకర్తలు, ఊళ్లకు తిరిగొచ్చిన 30.43 లక్షల వలస కూలీల జాడ తీశారని కేంద్ర ఆరోగ్య శాఖే ప్రకటించింది. ఆశా అడిగితే జవాబొస్తుంది. ఎదురు ప్రశ్న వేసినా ఆమె నిలబడి వింటుంది. మైకుకు ఆ వీలు లేదు. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది: ఈ పలకరింపు భారమంతా తక్కువ డబ్బుకు ఆడవాళ్ల భుజాల మీద వేశాం. కోవిడ్ పనికి కేంద్రం కేటాయించిన అదనపు ప్రోత్సాహకం నెలకు వెయ్యి రూపాయలు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లను అవార్డుతో గౌరవించింది. వాళ్ల సంఘాలు మాత్రం అంతకు ముందు నుంచీ అడుగుతున్నవే ఇప్పటికీ అడుగుతున్నాయి: ఉద్యోగులుగా గుర్తింపు, నెలనెలా స్థిరమైన జీతం.