నాన్న పని అనే గడి

మూడు నుంచి అయిదో తరగతి దాకా మన పిల్లలకు సైన్సు, సోషల్ వేర్వేరుగా ఉండవు. రెండూ కలిపి పరిసరాల విజ్ఞానం. యశ్‌పాల్ నాయకత్వంలో వచ్చిన జాతీయ విద్యాప్రణాళికా చట్రం-2005 ఈ పద్ధతిని గట్టిగా నిలబెట్టింది. కుటుంబం, స్నేహితులు, తిండి, నీళ్లు, ఇల్లు, ప్రయాణం, మనం చేసే పనులు... వీటి చుట్టూ ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ అల్లారు. పిల్లల బతుకునే పాఠం చేయాలన్నది ఆలోచన. నేను దాని పక్షమే. బావి గురించి చెప్తే అందులో భూగర్భజలం ఉంటుంది, ఆ చేదను ఎవరు ముట్టొద్దన్నారో ఆ చరిత్రా ఉంటుంది. విడగొట్టి చెప్తే ఆ రెండోది ఎప్పుడూ ఎగిరిపోతుంది.

కాకపోతే బతుకును బడికి తెమ్మన్నప్పుడు ఏ పిల్ల ఏం మోసుకొస్తుందన్నది ఒకటుంది.

మా అన్న కూతురు నాలుగో తరగతి. ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారో పట్టిక నింపుకొని రమ్మన్నారు. అమ్మ గడిలో 'కూలి' అని రాసింది. నాన్న గడి ఖాళీగా ఉంచింది. మా అన్న పంచాయతీలో సఫాయి కార్మికుడు.

"అత్తా, డ్రైవర్ అని రాయనా?"

"డ్రైవర్ ఎందుకు బిడ్డా?"

"ట్రాక్టర్ మీదనే పోతడు గదా."

చెత్త ట్రాక్టర్ వెనక నిలబడి పోతాడు మా అన్న. అబద్ధంలో కూడా ఎంత నిజం మిగుల్చుకుందో చూడండి. రాసింది క్లాసులో అందరి ముందూ చదవాలట, అదీ దాని భయం. మా కాలేజీలో ఆత్మకథల పాఠం చెప్పేటప్పుడు ఇంటి గురించి ఒక పేజీ రాయమంటాను. గుంట భూమి లేని ఇళ్ల పిల్లలు నాన్న పని 'వ్యవసాయం' అని రాస్తారు. ఈ విద్య ఎక్కడ మొదలవుతుందో ఇప్పుడు చూశాను.

పుస్తకాన్ని తిట్టి లాభం లేదు. 2005 చట్రం తర్వాత ఎన్‌సీఈఆర్‌టీ తెచ్చిన అయిదో తరగతి పుస్తకంలో 'ఈ పని ఎవరు చేస్తారు' అనే పాఠమే ఉంది. గాంధీ ఆశ్రమంలో మరుగుదొడ్లు కడగడం ఉంది. బర్రె వెంట్రుకలు కత్తిరించే మంగలి ఏడేళ్ల భీముడికి కటింగ్ చేయనన్న సంగతీ ఉంది. పదేళ్ల పిల్లల పుస్తకంలో ఇది చిన్న విషయం కాదు. ఆ పాఠాన్ని ఎవరు చెప్తున్నారు, ఎలా చెప్తున్నారు అన్నదే అసలు పేచీ.

డీఎడ్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, 1882లో జ్యోతిరావు ఫూలే హంటర్ కమిషన్‌కు ఇచ్చిన వినతిపత్రం చదవండి. ప్రాథమిక బడికి ఆయన అడిగిన చదువులో రాత, లెక్కలతో పాటు చరిత్ర, భూగోళం, వ్యవసాయం, నీతి, పారిశుద్ధ్యం కొద్దికొద్దిగా ఉన్నాయి. ఆయన అక్కడితో ఆగలేదు. టీచర్లు వీలైనంతవరకు సేద్యం చేసుకునే కులాల నుంచి రావాలన్నాడు. అవసరమైతే నాగలి మేడి, వడ్రంగి బాడిసె పట్టడానికి సిగ్గుపడని వాళ్లు కావాలన్నాడు. సిలబస్ సగం మనకు దక్కింది. ఈ సగం గురించి మన టీచర్ ట్రైనింగుల్లో మాటే రాదు.

రేపు మీరు టీచర్లయ్యాక ఆ పట్టిక తీసేయకండి. ముందు మీ ఇంటి పట్టిక బోర్డు మీద నింపండి. మీ సెప్టిక్ ట్యాంకు ఎవరు తీస్తారు, ఆ మనిషి పేరు మీకు తెలుసా, మంచినీళ్లు ఏ గ్లాసులో ఇచ్చారు అనేవి కూడా గడులే. పిల్లలు రాసింది అందరికీ వినిపించాలా వద్దా అన్నది పిల్లలకే వదలండి.

తిండి పాఠంలో మా ఆదివారం కూర 'చికెన్' ఎలా అయిందో వచ్చే వారం రాస్తాను.