నిషిద్ధ జాబితా నుంచి మా ఇంటికి

2024 మార్చి 12న కేంద్ర పశుసంవర్ధక శాఖ రాష్ట్రాల ప్రధాన కార్యదర్శులందరికీ ఒక లేఖ పంపింది. మనుషుల ప్రాణాలకు ప్రమాదకరమంటూ 23 రకాల కుక్కలను పేర్కొని, వాటి అమ్మకానికి, పెంపకానికి అనుమతులు ఇవ్వవద్దని, ఇప్పటికే ఇళ్లలో ఉన్నవాటికి సంతాన నిరోధక శస్త్రచికిత్స చేయించాలని ఆ లేఖ సారాంశం. ఉన్నవాటిని వదిలించుకోమని అందులో లేదు. అయితే ప్రభుత్వ లేఖలను శీర్షిక దాటి చదివే అలవాటు విలేకరులకే అంతంతమాత్రం. సామాన్యులను ఏమని తప్పుపడతాం? మయూర్ విహార్‌లో మా కింది అంతస్తులోని కుటుంబం తమ తొమ్మిది నెలల రాట్‌వైలర్‌ను ఎవరికైనా ఇచ్చేయాలని ఆ వారంలోనే నిర్ణయించుకుంది. జాబితాలో దాని పేరుంది. పైగా వాళ్ల సోఫాలో చట్రం తప్ప మరేమీ మిగల్లేదు. నలభై కిలోల ఆ నల్లటి కుక్కను, టైసన్ అనే దాని పేరుతో సహా, మేం తెచ్చుకున్నాం. జాతిని బట్టి నేరస్థుణ్ని తేల్చే ఆలోచనాధోరణి మీద నాకున్న ఆగ్రహమే ఆ పని చేయించిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆగ్రహంతో వ్యాసం రాయవచ్చు గానీ కుక్కను తెచ్చుకోకూడదు.

మొదటి మూడు వారాల్లో నాలుగు జతల చెప్పులు, టీవీ రిమోటు, భోజనాల బల్ల కాలు, ఒక చార్జర్ తీగ పోయాయి. ఆ తీగ అప్పుడు ప్లగ్గులో లేకపోవడం మా అదృష్టం. రాజ్యాంగ సభ చర్చల సంపుటాల్లో ఒకదాని వీపు ఊడిపోయింది. ఏప్రిల్ 5న వెలువడిన కాంగ్రెస్ మేనిఫెస్టోను, 14న వెలువడిన భాజపా మేనిఫెస్టోను ఒకే రోజు చింపిపోశాడు. నిష్పాక్షికతలో వాడు మాలో చాలామంది కంటే నయం.

నేను చేసిన పనులు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సాయంత్రం ఇంటికి రాగానే శిథిలాల మధ్య నిలబెట్టి, పత్రికను చుట్టచుట్టి నేలమీద కొడుతూ గద్దించేవాణ్ని. వాడు చెవులు వెనక్కి వాల్చి చూపు తిప్పుకునేవాడు. తప్పు తెలిసొచ్చిందనుకునేవాణ్ని. న్యూయార్క్‌కు చెందిన పరిశోధకురాలు అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో ప్రచురించిన అధ్యయనం ఈ చూపు గురించే. కుక్క నిజంగా తప్పు చేసిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. యజమాని గద్దిస్తే చాలు, ఏ తప్పూ ఎరుగని కుక్క కూడా అలాగే చూస్తుంది. అంటే ఉదయం జరిగినదానికి సాయంత్రం తీర్పు చెబుతూ, అభియోగమేమిటో తెలియని నిందితుడి చేత నేరం ఒప్పించుకుంటున్నానన్నమాట. ఈ విచారణ పద్ధతి మన దేశంలో ఎక్కడెక్కడ అమల్లో ఉందో ఈ పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు.

ఒక రాత్రి వాడి నోట్లోంచి చెప్పు లాక్కోబోతే వాడు గుర్రుమన్నాడు. పళ్లు కనిపించాయి. నా చేయి వెనక్కి వచ్చింది. అంతవరకూ నేను పరిహసిస్తూ వచ్చిన భయం, లిఫ్టులో పిల్లలను వెనక్కి లాక్కునే తల్లుల భయం, ఆ క్షణంలో నాదైంది. కుక్క కాటుకు ముఖం చీలిన పసివాళ్ల వార్తలు నేనూ రాశాను. ఆ భయాన్ని తేలిక చేసే హక్కు నాకు లేదు. వాణ్ని పంపేద్దామని మా ఆవిడతో ఆ రాత్రే అన్నాను.

పంపకుండా ఆపింది పక్క బ్లాకులో ఉండే శ్రీకాకుళం పెద్దాయన. ఒక కేంద్ర బలగంలో కుక్కల శిక్షకుడిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఇల్లంతా కలియజూసి, “కుక్కది తప్పేటుంది బాబూ, దానికి పనేటిచ్చారు మీరు?” అన్నారు. రాట్‌వైలర్‌లు జర్మనీలోని రాట్‌వైల్ పట్టణపు కసాయిలకు పశువులను తోలిన కుక్కలు, మాంసపు బండ్లు లాగిన కుక్కలు. పశువుల రవాణా రైళ్లకు మారాక వాటికి పని పోయింది. ఆ తర్వాత పోలీసులు చేరదీశారు. అలాంటి శరీరాన్ని రెండు పడకగదుల ఇంట్లో పెట్టి రోజుకు ఇరవై నిమిషాలు తిప్పితే, మిగిలిన శక్తి దవడలకే చేరుతుంది. శాశ్వత దంతాలు 42 ఏడో నెలకల్లా వచ్చేసినా, కొరుకుడు యవ్వనమంతా సాగుతుంది. నమలడం దానికి ఆకలి లాంటిది. ఏది నమలాలో చెప్పగలం గానీ, అసలు నమలవద్దని చెప్పలేం.

గుర్రుమన్నందుకు దండించవద్దని ఆయన గట్టిగా చెప్పారు. అది హెచ్చరిక, హెచ్చరించడం మాన్పిస్తే ఆ కుక్క రేపు హెచ్చరించకుండానే కరుస్తుంది. లాక్కునే కొద్దీ వస్తువు మరింత విలువైనదవుతుంది. అందుకని మారకం మొదలుపెట్టాం. “వదులు” అనడం, ముక్కు దగ్గర ఉడికించిన కోడిమాంసం ముక్క పెట్టడం, చెప్పు వదలగానే ముక్క ఇవ్వడం. ఇచ్చిన బొమ్మనైతే, మారకం అయ్యాక మళ్లీ వాడికే తిరిగి ఇవ్వడం. రెండు వారాలకు మాట ఒక్కటే సరిపోయింది.

చెప్పులు అలమరలోకి, తీగలు గోడ పైకి వెళ్లాయి. వేసవి కనుక నడక ఉదయం ఐదింటికే, గంటసేపు. తిండి గిన్నెలో పెట్టడం మానేసి, పాత తువ్వాళ్ల మడతల్లో, అట్టపెట్టెల్లో దాచి వాసన పట్టి వెతుక్కోనిచ్చాం. ఉప్పూ తాలింపూ లేని పెరుగన్నాన్ని గట్టి రబ్బరు బొమ్మలో కూరి గడ్డకట్టిస్తే నలభై నిమిషాలు నిశ్శబ్దం. ఉల్లిపాయ మాత్రం కుక్కలకు విషం. ఉడికించిన ఎముక పెచ్చులుగా విరిగి పేగులను చీలుస్తుంది. బొమ్మ గొంతులో దిగనంత పెద్దదై ఉండాలి, గోటితో నొక్కితే కొంచెమైనా లొంగాలి. లేకుంటే విరిగేది పన్నే. పొరుగువారొకరు పగలంతా చిక్కం కట్టమని సలహా ఇచ్చారు. నూర్పిడి ఎద్దులకు కట్టినట్టు మూతి బిగిస్తే, ఢిల్లీ మే నెలలో రొప్పలేని కుక్క వడదెబ్బకు చచ్చిపోతుంది.

సోఫా బతికింది. ద్వారబంధం మాత్రం బతకలేదు. మే 13 పోలింగ్ కోసం ఆంధ్ర వెళ్లినప్పుడు మా ఆవిడ ఫోనులో ఫొటోలు పంపింది. తాను బ్యాంకుకు వెళ్లొచ్చేసరికి వీధి తలుపు చట్రం అడుగు ఎత్తున చెక్కుకుపోయింది, వాడి చిగుళ్ల రక్తం అంటుకుని ఉంది. పాత ఫోనును కెమెరాగా అమర్చి చూశాం. తాళం పడిన పది నిమిషాలకే మొదలైంది. ఏడుపు, రొప్పు, తర్వాత తలుపు. పెరుగన్నం బొమ్మను ముట్టనైనా లేదు. సోఫాను కొరికింది ఊసుపోక. తలుపును కొరికింది భయంతో. ఒక ఇల్లు అప్పటికే వాణ్ని వదిలేసింది మరి.

దీనికి మందు ఓపిక ఒక్కటే. సూట్‌కేసు తీసి హాల్లో పెట్టడం, ఎక్కడికీ వెళ్లకుండా మళ్లీ లోపల పెట్టేయడం. తాళంచెవులు గలగలలాడించి కూర్చోవడం. తలుపు వేసి అర నిమిషంలో తిరిగి రావడం, తర్వాత రెండు నిమిషాలు, తర్వాత ఐదు. వాడు కంగారుపడితే ముందు మెట్టుకు దిగిపోవడం. ఈలోపు పగటివేళ పెద్దాయన తన ఇంట్లో ఉంచుకున్నారు. ఏడో విడత, జూన్ 1 పోలింగ్‌కు నేను వెళ్లలేదు. ఇరవై ఏళ్లలో నేను ఎగ్గొట్టిన మొదటి విడత అదే. సంపాదకుడికి జ్వరమని చెప్పాను.

ఆ లేఖను ఏప్రిల్ 10న కర్ణాటక, 16న ఢిల్లీ హైకోర్టులు కొట్టేశాయి. ఇంత ప్రభావం చూపే నిర్ణయానికి ముందు సంబంధితుల అభ్యంతరాలు వినలేదన్నది అందుకు ఒక ముఖ్య కారణం. కింది అంతస్తువాళ్లు ఆ వార్త చదివి, టైసన్ ఎలా ఉన్నాడని ఒకసారి అడిగారు. వెనక్కి ఇమ్మని అడగలేదు.

జూన్ 4న ఓట్ల లెక్కింపుకు పొద్దున్నే వెళ్లి రాత్రి పదకొండుకు వచ్చాను. మధ్యాహ్నం మా ఆవిడ సెలవు పెట్టి వచ్చేవరకూ మూడు గంటలు వాడు ఒంటరిగానే ఉన్నాడు. కెమెరాలో చూస్తే మొదటి గంట తలుపు దగ్గరే పడుకుని, ఆ తర్వాత లేచి వెళ్లి బొమ్మ తెచ్చుకున్నాడు. చట్రం మీద కొత్త గాట్లు లేవు. పాతవాటి గురించి ఇంటి ఓనరుకు ఇంకా చెప్పలేదు.