రంగు తప్పినప్పుడు

షోలాపురమున స్థిరపడిన మా పద్మశాలి కుటుంబములకు రంగు కొత్త విషయము కాదు. 19వ శతాబ్ది చివరి నుండి తెలంగాణమును విడిచి వచ్చిన మా పెద్దలు మగ్గముతో పాటు అద్దకపు పనిని కూడ ఈ ఊరి తూర్పు పేటలలో నిలుపుకొనిరి. నూలు చిలపలు తొట్టిలో మునిగి తేలుట చూచుచు పెరిగినవారము. అట్టి ఇంట తలరంగు తప్పుట కొంత నవ్వు పుట్టించు సంగతియే. కాని తప్పినది మా అక్కకు. అదియు కుమార్తె నిశ్చితార్థమునకు 5 దినములు మాత్రమే యుండగా.

అక్క రసాయనపు రంగులను నమ్మదు. గోరింట పొడిని టీ డికాక్షనులో కలిపి రాత్రియంతయు నాననిచ్చెను. అంతవరకు సరియే. కాని నీలియాకు పొడిని కూడ అదే గిన్నెలో అప్పుడే కలిపెను. తెల్లవారుసరికి నీలి శక్తి ఉడిగిపోయెను. తల కడుగుకొని అద్దము చూచుకొనగా నల్లని వెండ్రుకలు నల్లగానే యున్నవి. తెల్లనివన్నియు నారింజపండు రంగునకు తిరిగినవి. వియ్యపురాలి ముందు ఆ తలతో కూర్చుండనని ఆమె గది తలుపు వేసికొనెను. పొరుగామె యొకతె జాలిపడి వెంటనే బజారు నుండి నల్లరంగు పొట్లము తెప్పించెను.

దానిని విప్పనీయనివారు మా మేనమామగారు. నలుబది యేండ్లు రంగుల కార్ఖానాలో పని చేసినవారు. తలుపు బయట నిలిచి ఆయన అన్న మాటలు నాకిప్పటికిని గుర్తున్నవి: "తొందరపడకు బిడ్డా. నూలైతే హైడ్రోసు వేసి రంగు గుంజి మళ్ళ అద్దుతం. తలను గట్ల ఉడకబెడతమా?"

గోరింట రంగు వెండ్రుకలోని మాంసకృత్తును పట్టుకొనును. పట్టినది సబ్బుకు పోదు. కావున దానిని తీయబోవుట వృథా. ఆ యెరుపుమీదనే నీలిని అద్దవలెను. 1897లో జర్మనీ కృత్రిమ నీలి బజారునకు వచ్చిన తరువాత నీలి తోటలు క్షీణించినను, ఆకుపొడి నేటికిని తలరంగుగా దొరకుచున్నది. దానిని గోరువెచ్చని నీటితో కలిపి, పావుగంటలో తలకు పట్టించి, గంటన్నర యుంచి, వట్టి నీటితో కడుగవలెను. మరునాటి వరకు షాంపూ తగులరాదు. అన్నిటికంటె ముఖ్యము గాలి. నీలి తొట్టి నుండి తీసిన నూలు మొదట పసుపుపచ్చగా నుండి, గాలి సోకిన కొలది నీలమగును. తలయందును అంతే. తొలిపూట ఆకుపచ్చ ఛాయ కనబడినచో బెదరి మరియొక రంగు పూయరాదు.

కార్ఖానాలో నమూనా చిలప అద్దినట్లే, దువ్వెనలో చిక్కిన నారింజ వెండ్రుకలపై ముందు పరీక్షించిరి. తరువాత నుదుటికి, చెవులకు కొబ్బరినూనె రాసి, పాయ పాయగా విడదీసి పట్టించిరి. నాటి సాయంత్రము తల కొంత పచ్చగానే యుండెను. రెండవనాటికి నలుపు కలిసిన ముదురు గోధుమరంగు తేలెను. నిశ్చితార్థమునాడు అక్క వియ్యపురాలి పక్కనే కూర్చుండెను.

ఆ పొట్లమును గూర్చి మామగారి భయము అకారణము కాదు. అట్టి రంగులలో పెక్కింటికి పారాఫెనిలిన్ డయామిన్ ఆధారము; హైడ్రోజన్ పెరాక్సైడు కలిసినప్పుడు అది వెండ్రుక లోపల రంగుగా మారును. కొందరి చర్మమునకు అది సరిపడదు. ముఖము, కనురెప్పలు వాచును. నల్ల గోరింట పేర అమ్ము పొడులలో కూడ అది యుండవచ్చును. 48 గంటల ముందు మోచేతి మడతలో కొంచెము రాసి చూడవలెనను నియమము అందుకే. ఐదు దినములలో పెండ్లిమాట యున్న ఇల్లాలు తొందరలో ఆ నియమమును పాటించునా? దురద, వాపు కనబడినచో వెంటనే కడిగివేసి వైద్యుని చూడవలెను గాని ఇంటివైద్యము తగదు. నీలి పట్టిన తలకు బ్లీచి వేయుటయు మంచిది కాదు; పచ్చబారు అపాయము కలదు. వెండ్రుక నెలకు సుమారు 1 సెంటీమీటరు పెరుగును గనుక, ఏ ఉపాయమునకు లొంగని రంగైనను తుదకు కత్తెరకు లొంగును.

మామగారి తల మాత్రము దూదివలె తెలుపు. కారణమడిగినవారితో ఆయన, "బతుకంత నూలుకు రంగేసిన, ఇంక నా తలకెందుకు?" అందురు. అక్క మాత్రము నెలనెల నీలి పొడిని వేరు గిన్నెలో, అప్పటికప్పుడు కలుపుకొనుచున్నది.