మా యింటి జర్మను బిడ్డ

రెండవ ప్రపంచ యుద్ధమున క్షతగాత్రులను చేరవేసిన అమెరికా స్వచ్ఛంద సేవకులు, దేశముల నడుమ ద్వేషము తొలగవలెనని విద్యార్థుల వినిమయమును నెలకొల్పిరి. 1947లో తొలి విద్యార్థులు అమెరికా చేరిరి. అట్టి పద్ధతిననుసరించియే 2012లో ఒక జర్మను బాలుడు మా యింటికి వచ్చెను.

అతిథి దేవుడని తలచి మేమతనిని కూర్చుండబెట్టి వడ్డించితిమి. తినిన కంచమునైనను తీయనీయలేదు. వారము తిరుగకముందే అతని మోము వాడెను. ఇంటిపై బెంగ యనుకొంటిమి. ఒకనాడు నా భార్య మొక్కలకు నీరు పోయుచుండగా అతడు చెంబునందుకొని, “అమ్మా, నాకు పని” అనెను. అప్పటికతనికి వచ్చిన తెలుగు అంతియే.

నాటినుండి మొక్కలు అతని వంతయ్యెను, మోము వికసించెను. ఏడాదికి వెడలునపుడు, “మొక్కలు జాగ్రత్త, నాన్నగారూ” అని నాకప్పగించిపోయెను.

బాలలారా! అతిథికి అన్నము పెట్టుట మర్యాద. ఇంటి పనిలో పాలిచ్చుట ఆత్మీయత.