ద్వారక నుంచి మండీ హౌస్ దాకా

ద్వారక సెక్టార్ 21లో రైలు ఖాళీగా నిలబడి ఉంటుంది. ఢిల్లీ మెట్రో నీలం లైను మొదలయ్యేది అక్కడే. పొద్దున తొమ్మిదింటికి ఈ లైన్లో సీటు దొరకడమంటే సర్వదర్శనంలో గంటకే బయటపడ్డట్టు. అందుకని మా ఇల్లు సెక్టార్ 10 దగ్గరే అయినా వెనక్కి వచ్చి మరీ ఎక్కుతుంటాను. ఇవాళ నా సంచీలో మా ఎదురింటి మాస్టారి మనవరాలి మార్కుల జాబితా జిరాక్సులున్నాయి. పిల్ల రష్యాలో ఎంబీబీఎస్ చదువుతానంటోంది. "మండీ హౌస్ దగ్గర వాళ్ల కేంద్రం ఉందట, కాస్త కనుక్కురా బాబూ, నాకు మోకాళ్లు సహకరించవు" అన్నారు మాస్టారు.

మాస్టారిది రాజమండ్రి. ఢిల్లీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన బీరువాలో ప్లాస్టిక్ కవర్లో ఇప్పటికీ ఒక రసీదు ఉంది, స్కూటరు బుక్ చేసుకున్నది. బుక్ చేసినప్పుడు పెద్దబ్బాయి కడుపులో ఉన్నాడు, బండి వచ్చేసరికి వాణ్ని దాని మీదే బడికి దించారు. షోరూం గుమ్మం దాటకముందే ఒకాయన ఆపి, కొన్న ధర మీద రెండు వేలు ఎక్కువిస్తాను, బండి ఇచ్చెయ్యండి అన్నాడట. తూర్పు జర్మనీలోనూ ట్రాబాంట్ కారు కోసం పదేళ్లకు పైగా ఎదురుచూసేవారు. అక్కడా వాడిన కారే కొత్తదానికంటే ప్రియం. ఈ కొరత ఎవరో అధికారి లెక్క తప్పడం వల్ల వచ్చింది కాదనీ, కమ్యూనిస్టు వ్యవస్థే దాన్ని పుట్టిస్తుందనీ హంగరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నై 1980లో పుస్తకమే రాశాడు.

మనది కమ్యూనిస్టు దేశం కాదు. 1951-52 నుంచీ ఓట్లు వేస్తూనే ఉన్నాం. కానీ సిమెంటుకి, స్కూటరుకి, ఫోనుకి, ఇంటికి నిలబడ్డ క్యూలు మాత్రం వార్సాలో, మాస్కోలో నిలబడ్డవాటికి దగ్గర చుట్టాలే. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1979లో కొత్త రిజిస్ట్రేషన్ పథకం పెడితే లక్షకు పైగా కుటుంబాలు ఇంటి కోసం పేర్లు రాయించుకున్నాయి. ఆ జాబితాను కరిగించడానికి దశాబ్దాలు పట్టింది. అప్పట్లో పప్పన్‌కలాన్ అని పిలిచిన ఈ పొలాల మీద, పాలం, కక్రోలా, బాగ్డోలా ఊళ్ల మధ్య, ద్వారక లేచింది ఆ ఒత్తిడిలోంచే. సెక్టార్లు, రోడ్లు, పార్కులు ముందు గీతల్లో వచ్చాయి. జనం వచ్చారు. నీళ్లు ఆఖర్న వచ్చాయి. ఆ మధ్యకాలాన్ని ట్యాంకర్లు నింపాయి. ప్రణాళిక మరిచిపోయిన చోట మార్కెట్ ఎంత తొందరగా హారన్ కొట్టుకుంటూ వస్తుందో ద్వారక ఆడవాళ్లను అడిగితే చెబుతారు.

సెక్టార్ 12, 13, 14. కిటికీ బయటంతా గ్రూపు హౌసింగ్ సొసైటీలు. బ్యాంకు ఉద్యోగులు, రైల్వే వాళ్లు, ఫలానా మంత్రిత్వశాఖ గుమాస్తాలు కలిసి కట్టుకున్నవి. మాస్టారూ ఇలాంటిదాన్లోనే, మా సొసైటీలో, ఒక ఫ్లాటు కొన్నారు. మా సొసైటీ సర్వసభ్య సమావేశం చూడాలి మీరు. కోరం ఉండదు. అరగంట వాయిదా వేసి, అదే పదిహేను మందితో మళ్లీ మొదలుపెడతారు. వాయిదాపడ్డ సమావేశానికి కోరం అక్కర్లేదు మరి. పోయినసారి మూడు గంటలు లిఫ్టు గురించి నడిచింది. కింది అంతస్తు వాళ్లు మేం ఎక్కని లిఫ్టుకి మేమెందుకివ్వాలన్నారు. పై అంతస్తు వాళ్లు, మీ ముందున్న తోటలో మేం కూర్చోవడం లేదు కదా, దానికెందుకిస్తున్నాం అన్నారు. లిఫ్టు ఇంకా ఆగే ఉంది.

ఆ లిఫ్టు చూసినప్పుడల్లా నాకు మాస్కో గుర్తొస్తుంది. 1991 జులై 4న రష్యా చట్టం చేసి, ప్రభుత్వ ఇళ్లలో ఉంటున్నవాళ్లకే వాటిని దాదాపు ఉచితంగా రాసిచ్చింది. సరిగ్గా ఆ నెలలోనే, జులై 24న, పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఇక్కడ కొత్త పారిశ్రామిక విధానం ప్రకటించి, 18 పరిశ్రమలకు తప్ప లైసెన్సులు ఎత్తేసింది. మరుసటి ఏడాది ఢిల్లీలో లీజు ఇళ్లను రుసుము కట్టి ఫ్రీహోల్డ్ చేసుకునే వీలు వచ్చింది. మాస్కోలో తలుపుకి లోపలున్నది సొంతమైంది కానీ మెట్లు, పైకప్పు, వేడినీటి గొట్టాలు ఎవరివో ఏళ్ల తరబడి తేలలేదు. సొంతదారు కావడానికి ఒక సంతకం చాలింది. పొరుగువాడితో కలిసి పైకప్పు బాగుచేయించుకోవడం ఏ చట్టమూ నేర్పలేదు, అక్కడా ఇక్కడా.

ద్వారక మోడ్ దాటగానే దృశ్యం మారిపోతుంది. నవాదా, ఉత్తమ్‌నగర్. ఇళ్లు రైలుకి చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. ఇక్కడ ఏ సంస్థా గీతలు గీయలేదు. పొలం కొన్నవాడు ముగ్గుపొడితో ప్లాట్లు గీసి, పవర్ ఆఫ్ అటార్నీ కాగితాల మీద అమ్మేశాడు. చట్టానికి కనబడని ఈ ఊళ్లలోనే ఢిల్లీలో పనిచేసే జనం తలదాచుకున్నారు. ఆ కాగితాలతో హక్కు రాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చింది. 2019లో కేంద్రం 1,731 అనధికార కాలనీల్లో హక్కులిచ్చే పథకం తెచ్చింది. ఎవరూ గీతలు గీయకుండా లేచింది వార్సాలోనూ ఉంది, ఇళ్లు కాదు, సంత. 1955లో కమ్యూనిస్టు ప్రభుత్వం కట్టిన పెద్ద స్టేడియం 1989 తర్వాత యూరప్‌లోకెల్లా పెద్ద బహిరంగ బజారుల్లో ఒకటైంది. నా మటుకు నాకు ఉత్తమ్‌నగరే ఢిల్లీలో అసలైన స్వేచ్ఛా మార్కెట్ అనిపిస్తుంది, దాని మురుగుతో సహా.

జనక్‌పురి, తిలక్‌నగర్, రాజౌరీ గార్డెన్. ఈపాటికి నిలబడ్డవాళ్ల సంచులు నా తలకి తగులుతున్నాయి. ఈ రైలు సంగతీ చెప్పాలి. 2005 డిసెంబరు 31న ద్వారక నుంచి బారాఖంబా రోడ్డు దాకా ఈ లైను తెరిచారు. కేంద్రం, ఢిల్లీ ప్రభుత్వం చెరి సగం వాటా పెట్టి, జపాను అప్పుతో నడిపిన కంపెనీ ఇది. సంస్కరణల తర్వాత ఈ నగరానికి దక్కిన వాటిలో అన్నిటికంటే చక్కగా పనిచేసేది ప్రభుత్వానిదే. ప్రైవేటు అంటే సమర్థత, సర్కారు అంటే సోమరితనం అని ఇంకా అనేవాళ్లని ఒకసారి ఇందులో ఎక్కించాలి, సీటు దొరక్కపోయినా సరే.

ఓటు సంగతి కూడా ఒకటుంది. పోలండ్ 1990 జనవరి 1న ఒక్కసారిగా ధరల మీద అదుపు వదిలేసింది. జనం మండిపడి 1993లో పాత కమ్యూనిస్టుల వారసులనే గెలిపించారు. గెలిచినవాళ్లు మాత్రం వెనక్కి తిప్పలేదు. ఇక్కడ పీవీ 1996లో ఓడిపోయారు. తర్వాత వచ్చినవాళ్లూ లైసెన్సులు తిరిగి తేలేదు.

రామకృష్ణ ఆశ్రమ్ మార్గ్. దిగితే పహాడ్‌గంజ్. నేను దిగను కానీ, ఈ స్టేషన్ రాగానే తొంభైల నాటి ఆ సందులు కళ్లముందుకొస్తాయి. దుకాణాల మీద రష్యన్ అక్షరాల బోర్డులు. అంకెలు, బేరాలు రష్యన్‌లో నేర్చేసుకున్న బిహారీ కుర్రాళ్లు. 1992 జనవరి 2న రష్యా ధరలపై అదుపు తీసేసింది. ఆ ఒక్క ఏడాదిలో ధరలు 2,500 శాతం దాకా పెరిగాయి. జీవితమంతా బ్యాంకులో దాచుకున్నది కొన్ని నెలల్లో ఆవిరైంది. టీచర్లు, ఇంజనీర్లు ఇస్తాంబుల్‌కీ, బీజింగ్‌కీ, ఢిల్లీకీ విమానమెక్కి, తోలు జాకెట్లు, నూలు బట్టలు మూటలు కట్టుకుని వెళ్లి తమ ఊళ్లో అమ్మారు. వాళ్లకు రష్యన్‌లో పడ్డ పేరు చెల్నోకి. చెల్నోక్ అంటే మగ్గంలో అటూ ఇటూ తిరిగే నాడె. పోచంపల్లి, చీరాల నేతగాళ్లకు ఈ పోలిక విడమరచి చెప్పనక్కర్లేదు. చేత్తో పట్టుకున్నవాడు విసిరితే నాడె పోతుంది, వస్తుంది. బట్ట ఎవరిదో దానికి తెలియదు.

రాజీవ్ చౌక్ ముందు రైలు భూమిలోకి దిగుతుంది. ఈ పైన కన్నాట్ ప్లేస్‌లో 1966లో మొదలైన సహకార దుకాణం సూపర్ బజార్ 2002లో మూతపడింది. తోపులాటలో ఇంతకంటే ఆలోచించే వీల్లేదు.

బారాఖంబా రోడ్డు. సోవియట్ రాయబార కార్యాలయం సమాచార విభాగం ఒకప్పుడు ఈ వీధిలో 25వ నంబరు. తెలుగులో 'సోవియట్ భూమి' పత్రిక చూసిన తరానికి దాని కాగితం ఇప్పటికీ వేళ్లకు గుర్తుంటుంది. నున్నగా, దళసరిగా, ముక్కు దగ్గర పెట్టుకుంటే అదో వాసన. జూన్ నెలలో మా ఇంట్లో పుస్తకాలన్నిటికీ అదే అట్ట. నా లెక్కల పుస్తకం మీద గోధుమ కోస్తున్న యంత్రం, సోషల్ మీద వ్యోమగామి. లోపలేం రాశారో మాలో ఎవరూ చదివిన జ్ఞాపకం లేదు. కాగితమే కాదు, వాళ్ల సాయంతో లేచినవి మనకింకా కళ్లముందున్నాయి. హైదరాబాదులో ఐడీపీఎల్ మందుల కర్మాగారం అలా వచ్చిందే. అందులో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు, తర్వాత ఆ కంపెనీకి రష్యాయే పెద్ద మార్కెట్లలో ఒకటైంది. సోవియట్ సహకారంతో కట్టిన విశాఖ ఉక్కును పీవీ జాతికి అంకితం చేసింది 1992లో. అప్పటికి సోవియట్ యూనియన్ లేదు.

"అగలా స్టేషన్ మండీ హౌస్ హై." పైకొచ్చాను. రవీంద్ర భవన్ పక్కన పుష్కిన్ విగ్రహం, దాని నీడలో చాయ్‌వాలా. కాస్త నడిస్తే ఫిరోజ్‌షా రోడ్డు మీద రష్యన్ కేంద్రం. మాస్టారి క్లాసుమేటు ఒకాయన డెబ్భైల్లో మాస్కోలో లుముంబా విశ్వవిద్యాలయానికి వెళ్లాడట. చదువూ, హాస్టలూ, విమానం టికెట్టూ అన్నీ వాళ్లవే, పైగా నెలనెలా చేతి ఖర్చులు. 1992లో ఆ విశ్వవిద్యాలయం తన పేరులోంచి లుముంబాను తీసేసింది. 2023లో మళ్లీ పెట్టుకుంది. మాస్టారి మనవరాలు మాత్రం ఎక్కడికి వెళ్లినా ఫీజు కట్టే వెళ్లాలి. అది ఎంతో అడగడానికే వచ్చాను.