ఇంగ్లీషు గుమ్మంలోంచి రష్యన్

లోకంలోని ఏ భాషనైనా ఇంగ్లీషు గుండానే నేర్చుకోవాలన్న అలవాటు మనలో ఎంతగా పాతుకుపోయిందంటే, అది ఒక అలవాటని కూడా మనకు తోచదు.

మలక్‌పేటలో మా ఇంట్లో కొందరు విద్యార్థులు, నేను సాయంత్రాలు కూర్చుని రష్యన్ మొదటి పాఠాలు చదువుకుంటున్నాం. తెలుగు చెప్పుకుని బతికే నేను ఇక్కడ వాళ్ళతోపాటు విద్యార్థినే. మాకు దొరికిన వాచకం ఇంగ్లీషు మాతృభాషగా గలవారికోసం రాసింది. రష్యన్‌లో వర్తమానకాలంలో ‘ఈజ్’ ఉండదు, కంగారు పడవద్దని మొదటి పాఠంలోనే హెచ్చరిస్తుంది. ‘ఎతో క్నీగ’ అంటే ‘ఇది పుస్తకం’. ఇందులో తెలుగువాడు కంగారు పడవలసిందేముంది?

అయినా పడ్డాడు. మాలో ఒకడు కూలి కుటుంబంనుంచి వచ్చిన కుర్రవాడు. ఇదివరకు వేరొక తరగతిలో చేరి నెల తిరక్కుండానే మానేశాడు. “నాకు గ్రామర్ రాదు సార్” అన్నాడు. అక్కడ ముందు ఇంగ్లీషు వాక్యం రాయించి, తరువాత ‘ఈజ్’ కొట్టెయ్యమన్నారట. లేని జబ్బుకు మందు మింగించారన్నమాట.

ఆ వాచకం కష్టమన్నవాటిని ఒక్కొక్కటే చూడండి. రష్యన్‌లో ‘హ్యావ్’ అనే క్రియతో పని తక్కువ. ‘ఉ మెన్యా యెస్త్ క్నీగ’ అంటారు. అంటే ‘నా దగ్గర పుస్తకం ఉంది’. మా వీధిలో ఉర్దూవారు ‘మేరే పాస్ కితాబ్ హై’ అనేదీ ఇదే. ‘మ్నే ఖోలద్న’ అంటే ‘నాకు చలిగా ఉంది’. చలి పుట్టినవాడికి అక్కడా ‘కు’ అర్థమిచ్చే విభక్తే. ‘క్నీగ’ కర్మ అయితే ‘క్నీగు’ అవుతుంది, మన ‘పుస్తకాన్ని’ లాగా. ‘ఇల్లు’ ‘ఇంటి’గానూ, ‘ఊరు’ ‘ఊరి’గానూ మారడాన్ని ఔపవిభక్తికమని చిన్నయసూరి వద్ద నేర్చుకున్నవాడికి నామవాచకం రూపు మారడం వింత కాదు.

అన్నిటికీ తెలుగు తోడు రాదు. మనకు ‘కొత్త’ ఎప్పుడూ ‘కొత్తే’. రష్యన్‌లో ‘నోవి దోమ్’ (కొత్త ఇల్లు), ‘నోవయ క్నీగ’ (కొత్త పుస్తకం) అని విశేషణం లింగాన్నిబట్టి మారుతుంది. ‘నేను చదివాను’ అని పురుషుడైతే ‘యా చితాల్’ అనాలి, స్త్రీ అయితే ‘యా చితాల’ అనాలి. మేము తడబడుతూంటే, ఇంట్లో ఉర్దూ మాట్లాడే అమ్మాయి నవ్వింది. “నయా మకాన్, నయీ కితాబ్, పఢ్తా థా, పఢ్తీ థీ. అంతే కదా సార్!” ఆరోజు ఆమే మాకు పంతులమ్మ. ఇక ‘చితాల్’కూ ‘ప్రచితాల్’కూ ఉన్న తేడా దగ్గర ‘చదువుతూ ఉన్నాడు’, ‘చదివేశాడు’ అన్నవి కొంతదూరమే తోడు వచ్చాయి. మిగతాది కష్టపడి నేర్చుకోవలసిందే.

ఇది పాఠం చెప్పే పద్ధతికి సంబంధించిన చిన్న తగాదా కాదు. గోర్కీ ‘అమ్మ’ను క్రొవ్విడి లింగరాజు ఇంగ్లీషునుంచి తెచ్చారు, ఆనాటి స్థితిలో అది గొప్ప సేవ. తరువాత ఉప్పల లక్ష్మణరావు వంటివారు మాస్కోలోనే ఉండి అనువాదాలు చేశారు. 1991లో సోవియట్ యూనియన్ కూలడంతో ఆ పుస్తకాల రాక ఆగింది. ఇకమీద ఆ సాహిత్యాన్ని మూలంలో చదివేవారు మననుంచే పుట్టాలి. వారు ఇంగ్లీషు బడుల్లో చదివినవారే కావాలన్న నియమం ఎవరు పెట్టారు?

సవరలకు సవరలోనే చదువు చెప్పాలని గిడుగు పట్టుబట్టారు. అదే న్యాయం ఇక్కడా వర్తిస్తుంది. ఇంగ్లీషును వెళ్ళగొట్టమనడం లేదు. అదీ ఒక భాషే, అందులోని నిఘంటువులు మాకు రోజూ కావాలి. విద్యార్థి నోట్లో ఇప్పటికే ఉన్న భాషను పక్కకు నెట్టి, రాని భాషతో మొదలుపెట్టడమే అన్యాయం. తెలుగు ఉపాధ్యాయులు, ఉర్దూ ఉపాధ్యాయులు కలిసి కూర్చుంటే నలభై పుటల తొలి వాచకం రాయవచ్చు. మేము మొదటి ఆరు పాఠాలు రాసుకున్నాం. ఆ కుర్రవాడే వాటిని సాఫు ప్రతి రాస్తున్నాడు.