ఇసుక నేల నుంచి స్పితి దాకా: స్వతంత్ర రేసర్ల బండ్ల గురించి యాత్రా లేఖలు

జైపూర్ నుంచి

చి. తమ్ముడికి ఆశీస్సులు.

రాజస్థాన్‌లో మొదలై హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయలో ముగిసే ఈ యాత్ర పొడవునా పరిశీలించవలసిన విషయం ఒక్కటే. ఏ కంపెనీ జట్టు అండా లేకుండా, ప్రవేశ రుసుము మొదలుకొని మెకానిక్ కూలి దాకా సొంత జేబులోంచే పెట్టుకునే రేసర్‌ను స్వతంత్ర రేసర్ అంటారు. అటువంటివాడు రోడ్డు లేని నేల మీద తన బండి పనితనాన్ని ఎలా పెంచుకోవాలి, చేతిలో ఉన్న కొద్ది సొమ్మును ముందుగా దేని మీద ఖర్చు పెట్టాలి అన్నదే ఆ విషయం. జైపూర్ తొలి మజిలీ కావడానికి కారణం, హీరో మోటోకార్ప్ పరిశోధన కేంద్రం ఇక్కడే ఉండటం. ఆ సంస్థ 2019లో విడుదల చేసిన ఎక్స్‌పల్స్ 200 మన దేశంలో ఎందరో ర్యాలీ రేసర్లకు తొలి బండి అయింది. దాని ఇంజన్ 199.6 సీసీ, శక్తి సుమారు 18 హార్స్‌పవర్. అంతర్జాతీయ ర్యాలీల్లో పరుగెత్తే 450 సీసీ బండ్ల ముందు ఇది చాలా చిన్నదే.

ఈ బండికి కంపెనీ తెచ్చిన ర్యాలీ కిట్టును, దేశంలో మోటారు క్రీడలను నియంత్రించే సమాఖ్య ఎఫ్ఎంఎస్‌సీఐ పోటీలకు ఆమోదించింది. తొలి రోజుల్లో దాని ధర సుమారు 38,000 రూపాయలు. ముందు చక్రం ట్రావెల్, అంటే గుంతల మీద చక్రం పైకీ కిందికీ కదలగలిగే దూరం, కిట్టు బిగించాక 190 మిల్లీమీటర్ల నుంచి 250కి, వెనుక చక్రానిది 170 నుంచి 220కి పెరుగుతుంది. నేలకూ ఇంజన్ అడుగుకూ మధ్య ఖాళీ 220 నుంచి 275కి చేరుతుంది. గుబ్బల టైర్లు, ఎత్తైన సీటు, హ్యాండిల్‌ను పైకి లేపే దిమ్మలు కూడా అందులో ఉంటాయి గాని, ఇంజన్ శక్తిని పెంచే భాగం ఒక్కటీ లేదు. రేసింగ్ మోజులో పడిన కుర్రవాళ్లు మొట్టమొదట సైలెన్సర్ మార్చడానికి పరుగెత్తే ఈ రోజుల్లో, తయారీదారు స్వయంగా ఎంచుకున్న ఈ వరుస గమనించదగినది.

జైసల్మేర్ నుంచి

జైసల్మేర్‌కు పడమరగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న సమ్ ఇసుక దిబ్బల మీద బండికి మొదట ఎదురయ్యే చిక్కు టైరుది. నిండుగా గాలి కొట్టిన టైరు మెత్తటి ఇసుకను కోసుకుంటూ దిగిపోతుంది కాబట్టి, గాలిని 12 నుంచి 14 పీఎస్ఐకి తగ్గించి, టైరు నేలను తాకే వైశాల్యాన్ని పెంచుతారు. అయితే గాలి తగ్గిన టైరు రిమ్ము మీద జారి తిరిగితే ట్యూబు వాల్వు తెగిపోయే ప్రమాదం ఉంది. అందుకని టైరు అంచును రిమ్ముకు అదిమి పట్టే రిమ్ లాక్ అనే బిగింపు తప్పనిసరి. తక్కువ ఖర్చుతో పెద్ద రక్షణ ఇచ్చే ఈ చిన్న భాగాన్ని చాలామంది చివరిదాకా పట్టించుకోకపోవడం విచారకరం.

ఇసుకలో ఇంజన్‌కు నిరంతరం లాగుడు కావాలి. ముందు స్ప్రాకెట్‌కు, అంటే గొలుసు తిరిగే పళ్ల చక్రానికి, 13 పళ్లు, వెనుకదానికి 40 పళ్లు ఉన్న బండిలో ముందు ఒక్క పన్ను తగ్గించి 12 వేస్తే, వెనుక మూడు పళ్లు పెంచి 43 వేసినంత ఫలితం వస్తుంది. గరిష్ఠ వేగం కొంత తగ్గినా, దిబ్బ ఎక్కేటప్పుడు క్లచ్ ప్లేట్లు కాలిపోయే బాధ తగ్గుతుంది. ఎయిర్ ఫిల్టర్ విషయంలో మాత్రం రాజీకి తావు లేదు. నూనె పట్టించిన ఫోమ్ ఫిల్టర్‌ను రోజూ కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి, అంచులకు గ్రీజు రాసి బిగించకపోతే, పిండిలాంటి ధూళి లోపలికి చేరి పిస్టన్ రింగులనూ సిలిండర్ గోడనూ గీరేస్తుంది.

మనాలి నుంచి

ఇక్కడి నుంచి గ్రాంఫూ మీదుగా బాతల్ వైపు సాగే దారిలో చాలాచోట్ల దారి అనదగినదే లేదు. గుండ్రాళ్లు, గుంతలు, అడ్డంగా పారే నాలాలే ఉన్నాయి. సస్పెన్షన్ విలువ తేలేది ఇటువంటి నేల మీదనే కాబట్టి, దాని సర్దుబాటును ఈ లేఖలో కాస్త వివరంగా చెప్పడం అవసరం.

మొదట కొలవవలసినది సాగ్, అంటే రేసర్ కూర్చున్నప్పుడు బరువుకు బండి కిందికి దిగే దూరం. బండిని స్టాండు మీద ఎత్తి, వెనుక చక్రం గాలిలో వేలాడుతుండగా ఇరుసు నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు మీద గుర్తు పెట్టిన చోటికి టేపుతో కొలవాలి. తరువాత రేసర్ హెల్మెట్, బూట్లతో సహా పూర్తి దుస్తుల్లో కూర్చోగా, అదే దూరాన్ని మళ్లీ కొలవాలి. మొదటి కొలత 600 మిల్లీమీటర్లు, రెండోది 530 అయితే సాగ్ 70. మొత్తం ట్రావెల్‌లో ఇది ఇంచుమించు మూడో వంతు ఉండటం మంచిదని అనుభవజ్ఞుల మాట. 220 మిల్లీమీటర్ల ట్రావెల్‌కు 70 సరిపోతుంది. ఆ కొలత రప్పించడానికి స్ప్రింగును మరీ గట్టిగా బిగించవలసి వచ్చి, మనిషి దిగిన తరువాత బండి తన బరువుకు తాను అసలు దిగకుండా నిలిచిపోతే, ఆ స్ప్రింగు ఆ రేసర్ బరువుకు మెత్తనిదని అర్థం. అప్పుడు బిగింపు పెంచుతూ పోకుండా స్ప్రింగునే మార్చాలి.

రెండోది రీబౌండ్, అంటే నొక్కుకుపోయిన స్ప్రింగు తిరిగి సాగే వేగాన్ని అదుపు చేసే ఏర్పాటు. ఇది మరీ నెమ్మదిగా ఉంటే వరుస గుంతల్లో షాకప్ పూర్తిగా సాగేలోపే మరో దెబ్బ పడి, అది క్రమంగా కుంచించుకుపోయి చివరికి రాయిలా మారుతుంది. మరీ వేగంగా ఉంటే వెనుక చక్రం ఎగిరి మనిషిని ముందుకు విసురుతుంది. సర్దుబాటు మర ఉన్న షాకప్‌లో ఒకసారి రెండు క్లిక్కులకు మించి తిప్పకుండా, ఒక్క మార్పే చేసి, అదే దారిలో మళ్లీ నడిపి, ఫలితాన్ని నోటు పుస్తకంలో రాసుకునే రేసర్ మాత్రమే దీని నుంచి లాభం పొందుతాడు. జట్టు ఇంజనీరు లేని లోటును తీర్చేది ఆ పుస్తకమే.

కాజా నుంచి

స్పితిలోకి వచ్చే దారిలో సుమారు 4,590 మీటర్ల ఎత్తున ఉన్న కుంజుమ్ కనుమ దాటేటప్పుడు గాలి పీడనం సముద్రమట్టంలోని దానిలో 60 శాతానికి లోపే ఉంటుంది. 18 హార్స్‌పవర్ ఇంజన్ నుంచి అక్కడ 11 హార్స్‌పవర్‌కు మించి ఆశించడం కష్టం. వేలు పోసి ఇంజన్‌లో పెంచుకున్న ఒకటి రెండు హార్స్‌పవర్లు ఈ ఎత్తులో లెక్కలోకే రావు. కార్బొరేటర్ బండి అయితే పలుచని గాలికి పెట్రోలు ఎక్కువై నల్ల పొగ విడుస్తుంది కనుక పెట్రోలును కొలిచి వదిలే జెట్టును చిన్నది వేయాలి. ఫ్యుయెల్ ఇంజెక్షన్ బండి సెన్సర్ల సాయంతో ఆ కొలతను తానే సరిచేసుకుంటుంది. మంచు కరిగి మధ్యాహ్నానికి నాలాలు పొంగుతాయి కాబట్టి గాలి పీల్చే మార్గం ఎంత ఎత్తున ఉందో, బ్రీదర్ గొట్టాలు ఎక్కడ తెరుచుకుంటున్నాయో బయలుదేరక ముందే చూసుకోవడం మంచిది.

ఇసుకలోనూ రాళ్లలోనూ చివరికి ఈ ఎత్తులోనూ తేలినది ఒక్కటే: ముందు సస్పెన్షన్, తరువాత టైర్లు, ఆ తరువాత స్ప్రాకెట్లు, ఫిల్టర్, ఇంజన్ పని అన్నిటికన్నా చివర. తమ్ముడూ, వచ్చే సీజన్‌కు సైలెన్సర్ కోసం నువ్వు దాచిన డబ్బుతో నీ బరువుకు తగిన స్ప్రింగు కొని, మిగిలినది సాధనకు పెట్రోలు కోసం అట్టిపెట్టుకో.

ఇట్లు,
అన్నయ్య